ఎలీషా నుంచునే చోటు

భావన్నారాయణకి ఒక దిగులుండేది. తను తీసిన ఫోటో ఎంత బాగా వచ్చినా జిలానీ గారు బాగుందనేవారు కాదు. బాగాలేదనీ అనేవారు కాదు. చేతిలోకి తీసుకుని చూసి, కళ్ళజోడు సర్దుకుని, పక్కన పెట్టేవారు. నాలుగు తిట్టినా సంతోషించేవాడే, అదీ లేదు.

రేపల్లె స్టేషన్ రోడ్డులో జిలానీ గారి స్టూడియో అంటే చుట్టుపక్కల లంక ఊళ్ళన్నిటికీ తెలుసు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం ఆయన ఎప్పుడో మానుకున్నారు. కుటుంబాలని మాత్రం తీస్తారు. రంజాను పండక్కి తురకపాలెం వాళ్ళు, దసరాకి బజారు వాళ్ళు, డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ళవాళ్ళు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ ఆటోలు మాట్లాడుకుని, కొత్త బట్టలు నలగకుండా కూర్చుని వస్తారు. అందరూ ఒక్కచోట దొరికేది ఆ నాలుగు రోజులే కాబట్టి ఆ ఫోటో మీద వాళ్ళకి ప్రాణం.

భావన్నారాయణ పొన్నూరువాడు. హైదరాబాదులో రెండేళ్ళుండి కంప్యూటర్లో ఫోటోలు దిద్దే పని నేర్చుకుని వచ్చి, జిలానీ గారి దగ్గర పనికి చేరాడు. వయసు ఇరవై నాలుగు. పొగరు మాత్రం నలభై ఏళ్ళకి సరిపడా ఉంది. పనిమంతుడు, ఆ మాట ఒప్పుకోవాలి. పదిమందిలో ఒకడు కళ్ళు మూసుకుంటే ఇంకో ఫోటోలోంచి వాడి తలకాయ తెచ్చి ఇక్కడ అతికించేవాడు. ఏడుస్తున్న చంటిదాని ముఖానికి నవ్వు తెచ్చి పెట్టేవాడు. ఎవరూ కనిపెట్టలేకపోయేవాళ్ళు. తన చేతిలో పడ్డాక చెడిపోయిన ఫోటో అనేదే ఉండదని ఆ ఏడు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

క్రిస్మస్ ఇంకా అయిదు రోజులుందనగా జిలానీ గారికి మోకాళ్ళు పట్టేసి ఇంటి దగ్గర ఉండిపోయారు. ఆ పొద్దున్నే ముగ్గురు వచ్చారు. తండ్రి ఆశీర్వాదం, బస్సు డిపోలో మెకానిక్కు. తల్లి కృపమ్మ. కూతురు కెజియా, పదిహేడేళ్ళ పిల్ల. ముందు నడిచింది ఆ పిల్లే, తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టే తెచ్చింది.

భావన్నారాయణ ముగ్గురినీ తెర ముందు సర్దాడు. లైట్లు వేశాడు. తీరా తీయబోతుంటే కృపమ్మ లేచి నిలబడింది. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదంటారనీ, ఒకరికి కీడు జరుగుతుందంటారనీ, తనకి భయమనీ చెప్పి బయటికి వెళ్ళిపోయింది. ఆశీర్వాదం ఏమీ అనకుండా ఆమె వెనకే వెళ్ళాడు. మాటకి పొదుపు మనిషి.

అదంతా ఉత్తి నమ్మకమని భావన్నారాయణ నవ్వేశాడు. కెజియా నవ్వలేదు. కదల్లేదు కూడా. అక్కడే కుర్చీ అంచున కూర్చుని సంగతంతా చెప్పింది.

వాళ్ళు నలుగురు. అన్న ఎలీషా తనకంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళింట్లో గోడ మీద వరసగా పదకొండు క్రిస్మస్ ఫోటోలున్నాయి, ఏడాదికొకటి, అన్నీ ఈ స్టూడియోలో తీసినవే. పదకొండోది తీయించిన మరుసటేడు వానాకాలంలో ఎలీషాకి డెంగ్యూ జ్వరం వచ్చింది. తొమ్మిది రోజుల్లో పోయాడు. ఆ తర్వాత మూడు క్రిస్మస్‌లు ఫోటో లేకుండానే గడిచాయి. జనవరిలో తను గుంటూరులో నర్సింగు చదవడానికి హాస్టల్లో చేరుతోంది.

"మా గోడ మీద నేనింకా పదమూడేళ్ళ పిల్లనే అన్నయ్యా," అంది కెజియా. "నేను వెళ్ళేలోపల ఒక్క ఫోటో. అమ్మ పక్కన నేనుండాలి. తీయించుకోకుండా వెళ్ళను."

ఆ మాట మొండిగానే అంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరినీ ఏమీ అడగని పిల్ల అని ముఖం చూస్తే తెలుస్తోంది. భావన్నారాయణకి నిజంగానే మనసు కరిగింది. ఎట్లాగైనా సరే ఈ పిల్లకి ఫోటో చేసివ్వాలని అప్పుడే పట్టు పట్టాడు. అంతవరకూ అతని తప్పేమీ లేదు.

తప్పు తర్వాత చేశాడు. ముగ్గురైతే కీడు అంటోంది కదా ఆవిడ, నలుగురిని చేస్తే సరి అనుకున్నాడు. బయటికెళ్ళి, నలుగురు ఉండేట్టు తను చూసుకుంటానని, వచ్చి కూర్చోమని బతిమాలాడు. మన వైపు ముగ్గురే వస్తే పక్కింటి పిల్లనో, దారిన పోయే చుట్టాన్నో పిలిచి నిలబెట్టడం మామూలే. అట్లాంటిదేదో చేస్తాడనుకుంది కృపమ్మ. కూతురు చెయ్యి వదలడం లేదు. వచ్చి కూర్చుంది. ఎవరినీ నిలబెట్టకుండానే అతను తీసేసి, అయిపోయిందమ్మా అన్నాడు.

ఆ మర్నాడంతా భావన్నారాయణ కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. స్టూడియోలో దాచిన పాత ఫోటోల్లోంచి ఆ పదకొండోది వెతికి పట్టుకున్నాడు. అందులోంచి ఎలీషాని తీసి తల్లి పక్కన నిలబెట్టాడు. వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి ముఖం మీద అటే పడేట్టు చేశాడు. జుట్టు అంచులు ఒక్కొక్కటిగా దిద్దాడు. పాత చొక్కా తీసేసి కొత్త చొక్కా తొడిగాడు. నేల మీద నీడ కూడా వేశాడు. పని పూర్తయ్యాక వెనక్కి వాలి చూసుకుంటే అతనికే ఒళ్ళు జలదరించింది. ఈసారి గురువుగారు బాగుందనక తప్పదనుకున్నాడు.

మంచి ఫ్రేము కట్టి, కాగితం చుట్టి, కెజియా వచ్చినప్పుడు చేతికిచ్చాడు. దారిలో విప్పొద్దని, ఇంటికెళ్ళి అమ్మకే ఇవ్వమని చెప్పాడు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి రెండుసార్లు దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఇరవై నాలుగో తారీకు పొద్దున జిలానీ గారు స్టూడియోకి వచ్చారు. తలుపు దగ్గర తన కుర్చీలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. కెజియా వచ్చింది. ఫ్రేము బల్ల మీద బోర్లా పెట్టింది.

ఏమైందని భావన్నారాయణ అడిగాడు. అమ్మ చాలాసేపు చూసిందని, ఒక్క మాటా అనకుండా చూస్తుంటే బాగుందేమో అనుకున్నామని, అప్పుడు తలెత్తి ఒకటే అడిగిందని చెప్పింది.

"'వీడు నీ అన్న కదే. నీకంటే చిన్నపిల్లాడు ఎట్టా అయ్యాడు?' అంది."

అప్పట్నుంచీ అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. చర్చి ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ ఇంటి ముందుకొస్తే కూడా లేవలేదు. కెజియా ఇదంతా నేల చూపులు చూస్తూ చెప్పింది. ముగ్గురు దిగకూడదన్నది వంకేననీ, నలుగురూ దిగితే మాత్రం కీడు ఆగిందా, ఆ సంగతి అమ్మకి తెలీదా అనీ కూడా అంది.

భావన్నారాయణ ఫ్రేము తిప్పి చూశాడు. వెలుగు సరిపోయింది. నీడ సరిపోయింది. పదిహేడేళ్ళ చెల్లెలి పక్కన మీసం కూడా రాని పదిహేనేళ్ళ అన్న నవ్వుతున్నాడు. ఇన్ని చూసినవాడు ఆ ఒక్కటీ చూసుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అయినా పొగరు అంత తేలిగ్గా చస్తుందా. ఒక్క పూట టైమిస్తే సరిచేస్తానన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడిలా చేయొచ్చన్నాడు. దవడ కాస్త వెడల్పు చేసి, మీసం పెట్టి, గొంతు దగ్గర ఎముక తేలేట్టు చూపిస్తే పెద్దవాడైపోతాడని కెజియాకి వివరించడం మొదలుపెట్టాడు.

జిలానీ గారు నూనె సీసాకి మూత పెట్టారు.

"వాడికి మీసం ఎట్టా వచ్చేదో వాళ్ళమ్మకే తెలీదు. నీకు తెలిసిందా?"

భావన్నారాయణ ఫ్రేము మళ్ళీ బోర్లా పెట్టాడు.

ముసలాయన కెజియాని దగ్గరికి పిలిచి, నీకేం కావాలమ్మా అని అడిగారు. భావన్నారాయణకి చెప్పిందే మళ్ళీ చెప్పింది ఆ పిల్ల, ఈసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు వణకలేదు. గోడ మీద తనుండాలి. అమ్మ పక్కన ఉండాలి. రేపు చర్చి అయ్యాక అమ్మని ఇక్కడిదాకా తీసుకురాగలవా అని అడిగితే, ఎత్తుకునైనా తీసుకొస్తానంది.

ఆ పిల్ల వెళ్ళాక భావన్నారాయణ గురువుగారి ఎదురుగా బల్ల మీద కూలబడ్డాడు. మంచే చేయబోయాను కదండీ, నేను చేసిన తప్పేమిటో చెప్పండి అని అడిగాడు. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడటం అదే మొదలు. జిలానీ గారు రేపు పని ఎక్కువుంటుంది, ఫ్యాన్లు తుడిపించు అన్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి స్టూడియో ముందు గది నిండిపోయింది. కొత్త బట్టల వాసన, కేకుల వాసన, పిల్లల గోల. లోపలికి ఒక కుటుంబం వెళ్తుంటే బయట తొమ్మిది కుటుంబాలు కాచుకున్నాయి. ఆ సందట్లో కెజియా అన్నంత పనీ చేసింది. తల్లిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆ తెల్లవారుజామున భార్య మంచం దగ్గర కూర్చుని, పిల్ల అడుగుతోంది కృపా, మనం ఉన్నాం కదా దానికి, అన్నాడట ఆశీర్వాదం. మూడేళ్ళలో అంత పొడుగు మాట ఆయన మాట్లాడలేదు.

తమ వంతు వచ్చాక కృపమ్మ లోపలి గది గుమ్మం దాటి అక్కడే ఆగిపోయింది.

"నేను దిగనండి సాయిబు గారూ. తండ్రీకూతుళ్ళని తియ్యండి, చూసి పోతాను."

అట్లాగే కానీయండమ్మా అన్నారు జిలానీ గారు. ఆయన మోకాళ్ళ మీద చేతులానించుకుని లేచి, కెమెరా వెనక్కి వెళ్ళి, తలుపు మూయించారు. తర్వాత తల గోక్కుంటూ, తనకి మతిమరుపు వచ్చిందనీ, పాత ఫోటోల్లో ఎవరెక్కడ ఉండేవారో గుర్తులేదనీ, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోమనీ కృపమ్మని అడిగారు. అది శుద్ధ అబద్ధం. ముప్పై ఏళ్ళ కిందట తీసిన ఫోటోలో పెళ్ళికూతురి మేనత్త పేరు కూడా చెప్పగల మనిషి ఆయన.

కృపమ్మకి తప్పలేదు. ఆయన కుర్చీలో కూర్చునేవారు అని ఆశీర్వాదాన్ని చూపించింది. చేతులు మోకాళ్ళ మీద, అట్టా బిగించుకుని కాదు. పిల్ల వాళ్ళ నాన్న వెనకాల, కుర్చీ మీద చెయ్యి వేసి. చెప్పేకొద్దీ లోపలికి ఒక్కో అడుగు వేసింది. తండ్రి చొక్కా కాలరు సరిచేసింది. కూతురి జడ ముందుకి వేసింది, బాగాలేదని మళ్ళీ వెనక్కి వేసింది.

జిలానీ గారు భావన్నారాయణ భుజం పట్టుకుని ముందుకి నెట్టారు.

"ఇతన్ని నిలబెట్టి లైటు చూసుకుంటాను. ఎలీషా చోటు ఏదమ్మా?"

ఆ ఇంట్లో ఆ పేరు పైకి పలికి ఎన్నాళ్ళయిందో. కెజియా తల్లి వంక చూడటానికి భయపడి తండ్రి నెత్తి వంక చూస్తోంది. భావన్నారాయణకి పారిపోవాలనిపించింది.

చాలాసేపటికి కృపమ్మ వేలు చూపించింది. అతను వెళ్ళి నుంచున్నాడు. అక్కడ కాదు, ఇంకొంచెం ఇటు అంది. జరిగాడు. మీకూ వాడికీ మధ్య ఎంత ఎడం ఉండేదో తెలియకపోతే లైటు కుదరదని జిలానీ గారు గొణిగారు. కృపమ్మ వచ్చి తన చోట్లో తను నిలబడింది.

ఆ లైట్ల ముందు వేలమందిని నిలబెట్టినవాడు భావన్నారాయణ. తను మాత్రం ఎన్నడూ నిలబడలేదు. వెలుగు కళ్ళలో పొడుస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆవిడ పక్కన అంత పొడుగ్గా ఉండటమే తప్పన్నట్టు అనిపించి, భుజాలు దించి ముడుచుకున్నాడు.

"వంగి నుంచోకురా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు," అంది కృపమ్మ.

ఆమె చెయ్యి అతని వీపు మీద పడి నిటారుగా నెట్టింది. నెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. తను ఏమన్నదో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆశీర్వాదం మోకాళ్ళ మీది చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన గడ్డం అదురుతోంది.

నేను కాదమ్మా అనబోయాడు భావన్నారాయణ. కెమెరా పక్కనుంచి గురువుగారు చూసిన చూపుకి ఆ మాట గొంతులోనే ఆగింది. ఇక ఏది ఏమైనా కదలకూడదనుకున్నాడు. అతనికి ఏడుపొస్తోంది. పళ్ళు బిగబట్టి, వీపు నిటారుగా పెట్టి, ఆ చేతి కింద అట్లాగే నుంచున్నాడు. బయట ఎవరో తలుపు కొట్టారు. ఇంటి దగ్గర చుట్టాలు భోజనాలకి కాచుకున్నారని, ఇంకెంతసేపని కేకేశారు. జిలానీ గారు వెనక్కి తిరగలేదు.

ఎంతసేపు గడిచిందో. ఆయన మెల్లిగా పిలిచారు.

"భావన్నా, ఇక నువ్వు ఇటు రా."

అతను అడుగు తీయబోయి ఆగాడు. వీపు మీద చొక్కా ఆమె గుప్పిట్లో ఉంది. ఏం చెయ్యాలన్నట్టు గురువుగారి వంక చూశాడు. ఆయన తలవంచుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆయన తొందరపెట్టలేదు, అతనూ లాక్కోలేదు. తలుపు మళ్ళీ కొట్టారు.

గుప్పిలి ఒక్కో వేలే వదులైంది.

"వెళ్ళు నాన్నా," అంది కృపమ్మ.

భావన్నారాయణ కెమెరా దగ్గరికి వచ్చేసరికి జిలానీ గారు పక్కకి తప్పుకున్నారు. తీయవలసింది తనే. వంగి చూశాడు. తండ్రి కుర్చీలో ఉన్నాడు. కూతురు వెనక నిలబడి ఉంది. తల్లి తన చోట్లో ఉంది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ముగ్గురిలో ఎవరూ దానిలోకి జరగలేదు. దగ్గరికి రండి అని రోజుకి యాభైసార్లు అనే మాట అతని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఒక్కసారే తీశాడు.

కెజియా పరిగెత్తుకొచ్చి కెమెరా తెర మీద చూసింది. రామ్మా అని తల్లిని పిలిచింది. కృపమ్మ వచ్చి పైటచెంగుతో ముఖం తుడుచుకుని వంగి చూసింది. ఆమె కన్ను ముందు ఆ జాగా దగ్గర ఆగింది. ఆగి, మెల్లిగా పక్కకి వచ్చింది.

"ఎప్పుడు ఎదిగిందయ్యా ఇది ఇంత?" అని మొగుణ్ణి అడిగింది. "నా చెవి దాటిపోయింది. చెప్పరేం నాకు?"

కూతుర్ని దగ్గరికి లాక్కుని పక్కన నిలబెట్టుకుని, అరచెయ్యి అడ్డంగా పెట్టి ఎత్తు కొలిచింది. ఈ అయిదు రోజులూ గట్టిగా నిలబడ్డ పిల్ల, ఆ చెయ్యి నెత్తికి తగిలేసరికి తల్లి భుజం మీద పడి భోరుమంది.

వాళ్ళు వెళ్ళాక భావన్నారాయణ తెర మీది ఫోటో వంక చూస్తూ నుంచున్నాడు. నిన్న అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు. జిలానీ గారు వచ్చి తన కుర్చీలో కూర్చుని, నొప్పి మోకాలు చాపుకున్నారు. బయట జనం ఉన్నారు, తలుపు తియ్యమన్నారు. అతను గడియ మీద చెయ్యి వేశాక అన్నారు:

"వచ్చినవాళ్ళని తియ్యరా భావన్నా. రానివాళ్ళని వాళ్ళే వెంటబెట్టుకొస్తారు."